గుర్రం తన్నిన పన్ను

నోట్లో రబ్బరు దిమ్మె దూర్చి, రెండు దవడల మధ్య దాన్ని అడ్డంగా బిగించి, చిగుళ్ళ పక్కన దూది ఉండలు కూరి, ఇక నాలుక కదలడానికి సందు లేదని తేలాక అప్పుడు అడుగుతాడా ఎవడైనా, ఇది ఎట్లా విరిగిందప్పా అని? ఇదేం న్యాయం? తిరుపతి రైలుస్టేషను ముందర జట్కాలు కట్టేవాళ్ళలో నోరున్నవాడంటే మునిరామయ్యేనని కాట్పాడి దాకా పేరు. ఆ నోటిని తెరిచిపెట్టి, మాట రాకుండా చేసి, జవాబు చెప్పమంటాడు ఈ దేవనాథన్ డాక్టరు. ఆ ఆ అన్నాను. ఆయన తలూపాడు. ఏం అర్థమైందో ఆయనకే తెలియాలి. పనిముట్లు నీళ్ళలో కాచుకుని వస్తా, అంతలో బాగా గుర్తు తెచ్చుకో, ఎట్లా విరిగిందనేదాన్ని బట్టే నా పని అని చెప్పి లోపలికి పోయాడు. రేషను కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు దీపానికే చాలదు, బొగ్గుల కుంపటి మీద నీళ్ళు మరగాలి, అవి ఎప్పటికి మరుగుతాయో ఆ కుంపటికే తెలియాలి. అంతదాకా నేను ఈ కుర్చీలో మెడ వెనక్కి వాల్చి, కొండగుహలాగా నోరు తెరుచుకుని పడుండాలి. ఈగ వస్తే తోలుకోడానికి చేతులున్నాయి, అదొక్కటే దయ.

పోయిందేమో ఇంత ముక్క. ముందరి పళ్ళలో కుడిపక్కది, కింది మూల, గోరు కత్తిరించినంత. నాలుక దాన్ని వదలదు, వద్దన్న ఇంటికే పోయే కుక్కలాగా అటు తిరిగి ఇటు తిరిగి అక్కడికే పోయి కోసుకుని వస్తుంది. మాట్లాడితే ముందు ఈల, వెనక మాట. మొన్న ఒక చెంగల్పట్టు యాత్రికుడికి అమ్మవారి మహిమ చెప్పబోతే ఆ ఈలకి నా గుర్రం పాకాలమ్మ, తనని ఉరకమన్నాననుకుని ఉరికింది, మహిమ సగంలో ఉండగానే తిరుచానూరు గుడి వచ్చేసింది. ఆయన దిగిపోయాడు. సగం మహిమ నా దగ్గరే ఉండిపోయింది. మా నాయన పోయేనాటికి నోట్లో ఒక్క పన్ను కదల్లేదు, గుర్రపు లాడం మేకులు పళ్ళతో పీకేవాడు, పీకి పక్కవాడి గోడకు ఉమ్మితే అవి అక్కడే దిగబడేవి, తర్వాత వాళ్ళు వాటికి బట్టలు తగిలించుకునేవాళ్ళు. అట్లాంటి నాయనకు పుట్టి నేను ఈ కుర్చీలోకి వచ్చాను.

డాక్టరు చెప్పిన దారులన్నీ విన్నాను. ఆకురాయితో ఆ మొనను రుద్దేయొచ్చు, పన్ను కాస్త పొట్టిదవుతుంది కానీ నాలుక తెగదు. రుద్దినచోట తెల్ల సిమెంటు అద్దొచ్చు, చూడ్డానికి పన్నులాగే ఉంటుంది, కొన్నాళ్ళకు పచ్చబడి ఏదో ఒకరోజు ముద్దలో కలిసి కడుపులోకి పోతుంది. ఆ పొడి దొరల సీమ నుంచి రావాలట, యుద్ధంలో ఓడలు రావడం లేదట, సీసా అడుగున చిటికెడు మిగిలిందట. ఎవరో ఎక్కడో సముద్రంలో ఒకరినొకరు ముంచుకుంటుంటే తిరుపతిలో నా పన్నుకు కరువొచ్చింది, చూశారా. బంగారు తొడుగు ఇంకొకటి. దానికోసం బాగున్న పన్నును కూడా నాలుగు వైపులా చెక్కి గూటంలాగా చేయాలి. చొక్కా మూల చిరిగిందని చొక్కానే చించుకున్నట్టు. మా బామ్మర్ది వెంకటమునికి అదే నచ్చింది. గుడి వీధిలో బట్టల అంగడిలో గుమాస్తా వాడు, మెరిసేదేదైనా వాడికి మంచిదే. బావా, బంగారు పన్ను పెట్టుకుని నవ్వితే యాత్రికులు నిన్ను జమీందారనుకుంటారు అన్నాడు. జమీందారు జట్కా తోలుతుంటే ఎవడురా ఎక్కుతాడు అందామనుకున్నాను, అప్పటికే దిమ్మె పడింది. మద్రాసు పోతే పింగాణీ తొడుగు వేస్తారట. పింగాణీ అంటే కాఫీ గిన్నె కదా, గిన్నెను లోపల పెట్టుకుని బయటి గిన్నెలో కాఫీ తాగడం, ఏం బతుకది. ఇవన్నీ కాదంటే పీకేయడం. పీకి, రబ్బరు పలక మీద ఒక పన్ను నిలబెట్టి అంగిట్లో ఇరికిస్తారు, తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చట. పన్ను ఉండేదే తినడానికి కదా స్వామీ, తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకునే పన్నెందుకు.

ఇందులో ఏది చేయాలనేది నా చేతిలో లేదు, డాక్టరు చేతిలోనూ లేదు, ఎట్లా విరిగిందనే మాటలో ఉంది. దిమ్మె పెట్టక ముందు ఆయన స్పష్టంగా చెప్పాడు, బెంచీ మీద ఉన్నవాళ్ళు కూడా విన్నారు. గట్టిదేదైనా కొరికి విరిగుంటే లోపలి వేరు మంచిగానే ఉంటుంది, రుద్ది సిమెంటు అద్దుతా, నీ పన్ను నీకే ఉంటుంది. బయటి నుంచి దెబ్బ తగిలి విరిగుంటే వేరు అదిరిపోయి ఉంటుంది, లోపల నరం చచ్చి పన్ను నల్లబడి చీము పడుతుంది, దాన్ని ఉంచుకుని ప్రయోజనం లేదు, ఇవాళే తీసేస్తా. కొరికిందా, దెబ్బా? అదీ ప్రశ్న.

కొరికిందే. రాయి. అన్నంలో రాయి. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకెందుకు ఇంత కష్టం రావాలి? ఈ రేషను బియ్యం వచ్చినప్పటి నుంచి ఏ ఇంట్లో రాళ్ళు లేవు? బియ్యంలో రాళ్ళు కాదు, రాళ్ళలో అక్కడక్కడా బియ్యం ఇస్తున్నారు, ఇంకొన్నాళ్ళకు ఆ రాళ్ళతో ఇల్లు కట్టుకుని ఆ బియ్యంతో గృహప్రవేశం చేసుకోవచ్చు. పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాను, టక్కుమంది, తలలో గుడిగంట కొట్టినట్టయింది. రాయి అని అరిచాను. అదే నేను చేసిన తప్పు అంటారు, తప్పంటే తప్పే అనుకోండి. మా ఇళ్ళల్లో ముద్దలో రాయి తగిలితే ఆ పేరెత్తకూడదు. వడ్డించిన మనిషి చూడకుండా ఎడంచేత్తో తీసి విస్తరి కింద పెట్టాలి, పెట్టి ఇంకో గరిటె అడగాలి. మా నాయన అట్లానే చేసేవాడు, ఆయన లేచాక మా అమ్మ విస్తరి ఎత్తి చూసి ఏమీ అనకుండా లోపలికి పోయేది. కానీ ఆయనకు పన్ను విరగలేదు కదా. పన్ను విరిగినవాడు కూడా మెల్లగా ఎడంచేత్తో వెతుక్కోవాలా? అరిచాను. అలివేలమ్మ వచ్చింది. కంచంలోని అన్నమంతా వేళ్ళతో వెతికింది. తెల్లగా మెరిసేదొకటి రెండువేళ్ళ మధ్య పట్టుకుని నా ముందర పెట్టింది. ఇది రాయి కాదు, నీ పన్నే, అని అన్నది. అంతే. అప్పటి నుంచి నాతో మాట లేదు. పన్నుముక్కను కొంగున కట్టుకుని చేట తీసుకుని కూర్చుంది, ఇప్పటికీ అట్లానే కూర్చుంటోంది, చెరిగిన బియ్యాన్నే మళ్ళీ చెరుగుతూ.

సరే, ఇంట్లో మాట లేదు, బయటైనా చెప్పుకుందామని స్టేషను దగ్గర జట్కావాళ్ళకు చెప్పాను. రాయి తగిలి విరిగిందప్పా అన్నాను. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. నేను వాళ్ళకు ఏమేం చెప్పాను, ఎన్నెన్ని నమ్మారు. పాకాల సంతలో కొన్న ఈ గుర్రం, పుట్టిన ఊరి మీద ప్రేమ కొద్దీ ఒకసారి పాకాల పోయే రైలుతో పందెం వేసుకుని చంద్రగిరి దాటాక దాన్ని మించిపోయిందని, రైల్లో జనం టికెట్లు పారేసి కిటికీల్లోంచి నా జట్కాలోకి దూకారని చెప్తే నోళ్ళు తెరుచుకుని విన్నారు, ఎంతమంది దూకారని అడిగారు. బంగారుపాళ్యం తోటలో కాసిన ఒక మామిడిపండు తిని, ఆ టెంకలో కూర్చుని వరదలో స్వర్ణముఖి దాటానని చెప్తే, తెడ్డు దేంతో చేశావని మాత్రం అడిగారు. అంత పెద్దవి మింగినవాళ్ళకు మెంతిగింజంత రాయి గొంతులో అడ్డం పడింది. కుప్పయ్య అని వెనక బండి వాడు, నా భుజం మీద చేయి వేసి, ఈసారి కత సరింగా కుదర్లేదు మామా, ఇంకోటి సెప్పు అన్నాడు. వాళ్ళలో వాళ్ళు తీర్మానం చేసుకున్నారు, పెళ్ళాం రోకలి విసిరిందని. అలివేలమ్మ నా మీద చేయెత్తే మనిషా? ఆమె కోపం వస్తే మాట మానేస్తుంది, అది రోకలి కంటే గట్టిగా తగులుతుంది, అది వేరే సంగతి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్తే నాకు దక్కిన మర్యాద ఇది.

ఇప్పుడు కూడా వచ్చింది, తలుపు దగ్గర నేల మీద కూర్చుంది, బెంచీ మీద పెద్దాయన ఉన్నాడని. ఈ కుర్చీలోంచి నాకు ఆమె పాదం మాత్రం కనిపిస్తోంది, మెట్టె తిప్పుకుంటోంది, లోపల ఏదో ఉడుకుతున్నప్పుడు అట్లా తిప్పుతుంది. బెంచీ మీద పెద్దాయనంటే సౌందరరాజన్ గారు, తిరుచానూరులో యాత్రికుల సత్రానికి ఆయనే మేనేజరు. ఆ సత్రంలో వంటకు పోయే ప్రతి బస్తా అలివేలమ్మ చేతుల మీదుగానే పోతుంది. ఆమె చేట పట్టుకుంటే చూడాలి. నా మాటను నమ్మనివాళ్ళు పోయి చూడొచ్చు. చేట పైకి లేస్తుంది, పొట్టు గాలిలో పోతుంది, బియ్యం ముందుకు, రాళ్ళు వెనక్కి, వాటంతట అవే విడిపోయి చేతులు కట్టుకుని నిలబడతాయి, పిలిస్తే పేరుపేరునా వస్తాయి. పెళ్ళి చూపులకు పోయినప్పుడు నేను ఆమె ముఖం చూడలేదు, ఆ చేట చప్పుడు విన్నాను, వర్షం మొదలయ్యేటప్పుడు తాటాకుల మీద పడే చప్పుడు, దానికే ఒప్పుకున్నాను. అట్లాంటి మనిషి కళ్ళు కప్పి ఒక రాయి వచ్చిందంటే ఆ రాయిది ఎంత పొగరు. దాని మీద కదా రావాలి ఆమెకు కోపం. నా మీదెందుకు?

సౌందరరాజన్ గారికి దవడ వాచి ఉంది, తుండుగుడ్డ తలమీదుగా కట్టుకుని ఉన్నాడు, అయినా మాట ఆపడు. వెంకటముని వింటున్నాడు, నేనూ వింటున్నాను, నాకు వేరే పనేముంది. అమ్మవారి ఉత్సవాలు వస్తున్నాయట, పంచమి తీర్థానికి జనం పోటెత్తుతారట, బస్తాలు దిగుతున్నాయట. చెప్పుకుంటూ చెప్పుకుంటూ అక్కమ్మ దగ్గరికి వచ్చాడు. అక్కమ్మ కూడా అక్కడ బియ్యం ఏరేదే. ఎవరో యాత్రికుడి ముద్దలో రాయొచ్చిందని, ఆయన పంక్తిలోంచి లేచి, అమ్మవారి ఊళ్ళో పెట్టే అన్నం ఇదేనా అని అరిచాడని, ఆ పూటే అక్కమ్మను మానిపించానని చెప్పాడు. బాధే అప్పా, కానీ ఒక్క రాయి చాలు, సత్రం పేరంతా పోతాది, అన్నాడు. ఇప్పుడిక అంతా అలివేలే, ఆమె సేట్లో దేవుడుండాడు.

మెట్టె తిరగడం ఆగిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. ఈ దిమ్మె, ఈ దూది, వీటి వెనక నా నోరు మొదటిసారి ఖాళీగా ఉంది, అందుకే తట్టిందేమో. ఆమె నా మీద కోపంతో మాట మానలేదు. భయంతో మానింది. నేను స్టేషనులో నిలబడి, రాయి, అన్నంలో రాయి, అని ఊరంతా చాటుకుంటూ తిరిగాను, నా మాటను ఎవరూ నమ్మడం లేదని ఉడుక్కుంటూ తిరిగాను. నమ్మి ఉంటే? ఒక్కడు, ఒక్కడే ఒక్కడు నమ్మి తిరుచానూరు పోయి అని ఉంటే? దేవుడా, నా జన్మంతా కోసిన కోతలే ఇన్నాళ్ళూ ఆమె పనిని కాపాడాయి. ఇది తట్టగానే చల్లబడాలి కదా మనిషి, నాకు ఇంకా మండింది. అంటే ఇప్పుడు లోపలి నుంచి డాక్టరు వస్తాడు, దిమ్మె తీస్తాడు, అడుగుతాడు. రాయి అంటే పన్ను ఉంటుంది, ఆమె పని పోతుంది. దెబ్బ అంటే ఆమె పని ఉంటుంది, పన్ను పోతుంది. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క నిజం, దాన్ని కూడా మింగమంటున్నారు. పైగా పన్ను లేని నోటితో మింగమంటున్నారు. ఆ బియ్యం కొలిచి పోసిన రేషను వాడిని, ఆ బియ్యంలో రాళ్ళు కలిపిన వాడిని ఎవడినీ ఈ కుర్చీలో కూర్చోబెట్టరు. నన్నే కూర్చోబెడతారు.

నీళ్ళు మరిగినట్టున్నాయి. దేవనాథన్ గారు తువ్వాలు పరిచిన పళ్ళెంలో పనిముట్లు తెచ్చాడు, ఆవిరి లేస్తోంది. దిమ్మె తీశాడు. దవడ తిరిగి నాదయ్యేదాకా కాస్త పట్టింది.

"ఇప్పుడు సెప్పు. ఎట్ల విరిగింది?"

"గుర్రం తన్నింది సామీ," అన్నాను.

అన్నాక ఇక ఆగలేదు. ముందు ఈల, వెనక మాట. లాడం మార్చబోయానని, పాకాలమ్మ వెనక్కాలు ఎత్తిందని, ఆ తన్నుకు నేను ఎగిరి దాణా కొట్టు కప్పు మీద పడ్డానని, కప్పు మీద కాకి గూడుంటే అందులో గుడ్లు పగలకుండా మెల్లగా లేచానని. దవడంతా పోటని, చెవి దాకా లాగుతోందని, రాత్రుళ్ళు నిద్ర లేదని. సౌందరరాజన్ గారు వాచిన దవడ పట్టుకుని నవ్వాడు, నవ్వితే నొప్పి పుట్టి అమ్మా అన్నాడు. డాక్టరు నవ్వలేదు. నిట్టూర్చాడు. అట్లయితే ఇది ఉండదప్పా, అని పళ్ళెంలోంచి పట్టకారు తీశాడు. దాని మూతి గుర్రం మూతిలాగే ఉంది. నేను కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. నాయనా, నీ కొడుకు ఒక లాడం మేకు అయ్యాడు చూసుకో.

"రాయి సామీ."

అలివేలమ్మ గొంతు. ఎన్ని పూటల తర్వాతో. కళ్ళు తెరిచేసరికి కుర్చీ పక్కనే నిలబడి ఉంది, కొంగు ముడి పళ్ళతో విప్పుతోంది.

"అన్నంలో రాయి. నేను సెరిగిన బియ్యమే. మా ఆయప్ప అబద్దం ఆడతా ఉండాడు. పన్ను పీకొద్దు."

అరచేయి చాపింది. అందులో నా పన్నుముక్క, దాని పక్కన నల్లగా, మెంతిగింజంత, రాయి. నేను లేవబోయాను, డాక్టరు భుజం పట్టి వెనక్కి నెట్టాడు. ఆ రోజు కంచంలో రెండూ దొరికాయన్నమాట. తెల్లది నా ముందర పెట్టింది, నల్లది కొంగున కట్టుకుంది. ఊరు ఊరంతా నన్ను అబద్ధాలకోరు అంటుంటే నా ఒక్క నిజాన్నీ కొంగున ముడేసుకుని వంట చేసింది, నీళ్ళు తోడింది, నా పక్కనే పడుకుంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా లోకంలో. తిట్టాలని నోరు తెరిచాను. తెరిచే ఉంది. డాక్టరు ఇదే అదనని పన్నును ఒక కడ్డీతో టక్ టక్ మని తట్టాడు, నేను అరవడం మరిచిపోయాను, ఉలిక్కిపడటం మరిచిపోయాను, ఆమె చేతినే చూస్తున్నాను. ఆయన పన్నుముక్క తీసుకుని విరిగిన అంచుకు ఆనించి చూశాడు, పట్టకారు పళ్ళెంలో పెట్టేశాడు, మళ్ళీ దిమ్మె దూర్చాడు. దిమ్మె, దూది. ఇక నా పని అయిపోయింది.

ఎందుకంటే బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. సౌందరరాజన్ గారు లేచి వచ్చి ఆమె అరచేతిలోకి వంగి చూస్తున్నాడు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు, చేట పట్టిన చేయి కదా. ఇప్పుడు ఒక్క మాట, ఒకే ఒక్క కోత కోస్తే చాలు, ఈ రాయి తిరుమల కొండ మీది నుంచి దొర్లిందనో, కాకి తెచ్చి వేసిందనో. జన్మంతా పనికిరాని చోట వాగిన నోరు, పనికొచ్చే పూట రబ్బరు కరిచి కూర్చుంది. ఆ ఆ అన్నాను. ఎవరూ చూడలేదు.

పెద్దాయన రాయిని తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. మళ్ళీ ఆమె అరచేతిలోనే పెట్టాడు.

"ఈదిలో రాళ్ళకు కరువా అలివేలూ," అన్నాడు. "దెబ్బంటే పన్ను పీకేస్తారని విన్నావు, వాకిట్లో ఒక రాయి ఏరుకొచ్చినావు. నీ సేట దాటి రాయి పోయిందంటే, తిరుమల కొండ నడిసి తిరుచానూరు వొచ్చిందన్నా నమ్ముతా గాని, అది నమ్మను. మొగునికి తగినదానివే."

చూశారా. ఆమెను కూడా నమ్మలేదు. నిజానికి ఈ ఊళ్ళో దిక్కు లేదు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది, ఎక్కడ లేని హాయీ వచ్చింది, రెండూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాయి. డాక్టరు ఆకురాయి తీసుకున్నాడు. గర్రు గర్రుమని అరగదీస్తుంటే తలలో రైలు పట్టాలు మారినట్టుంది, కొమ్ము కాల్చిన వాసన, నాలుక దూది మధ్య నుంచి మెల్లగా పోయి చూసుకుని వచ్చింది, నున్నగా ఉంది. సీసా బోర్లించి ఆ చిటికెడు పొడీ గాజుపలక మీద పోసి కలిపాడు. ఓడలన్నీ మునిగినా నా వాటా మునగలేదు. అలివేలమ్మ మళ్ళీ తలుపు దగ్గరికి పోయి కూర్చుంది. మెట్టె తిరుగుతోంది, ఈసారి నెమ్మదిగా.

సిమెంటు ఆరేదాకా మాట్లాడకూడదని ఆజ్ఞ. సాయంత్రం దాకా పెదవి కలపకూడదట. వాపు తగ్గాక రమ్మని డాక్టరు సౌందరరాజన్ గారికి పుక్కిలించే మందిచ్చి పంపేశాడు, ఆయన తిరుచానూరు పోవాలి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు ఎప్పుడు కదులుతుందో దానికే తెలియదు, అందుకని నా జట్కాలోనే ఎక్కాడు. వెంకటముని అంగడికి పోయాడు, బంగారం కాలేదని మొహం వేలాడేసుకుని. అలివేలమ్మ ముందర నా పక్కన కూర్చుంది. వీధి మలుపులో కొంగు విప్పి ఆ రాయిని నాకు మాత్రం కనపడేట్టు చూపించి, చక్రం కిందికి విసిరేసింది. నా నిజం అట్లా పోయింది, బండి కాస్త ఎగిరింది కూడా. అడుగుదామంటే నోరు లేదు.

ఊరు దాటాక పెద్దాయన వెనక నుంచి వంగాడు. దవడ కట్టులోంచి మాట ముద్దముద్దగా వచ్చింది. ఆడ డాక్టరు ముందర సరే, ఇప్పుడు నాకు నిజం సెప్పమ్మా, ఏమైంది, అన్నాడు.

అలివేలమ్మ నా వంక చూసింది. పన్ను నా నోట్లో ఉంది, బస్తాలు సత్రంలో దిగుతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏముండాది సామీ, గుర్రమే," అంది. "లాడం మారస్తానని పోయినాడు. తన్నింది సూడండి, కప్పు మీద కాదు, కప్పు దాటి అవతల సింతసెట్టు కొమ్మలో పడినాడు. నిచ్చెన తెచ్చి నేనే దించినాను."

చింతచెట్టు. నిచ్చెన. ఒక్క ఈల లేకుండా, ఒక్కచోట తడబడకుండా చెప్తోంది. నా గుర్రం, నా పన్ను, నా కత. పెద్దాయన నిచ్చెనకు ఎన్ని మెట్లని అడుగుతున్నాడు. నేను పెదవులు తెరిచి పెట్టుకుని, నోరు మూసుకోలేక, నోరెత్తలేక, కోపంతో పగ్గం పట్టుకుని పాకాలమ్మ వెనక్కాళ్ళ వైపు చూస్తున్నాను. అలివేలమ్మ గుర్రం నా గుర్రం కంటే ఎత్తుగా ఉంది.